మార్చిలో పండ్ల మొక్కలు కొనొద్దు, ఉన్నవాటిని ఎండాకాలం దాటించండి

చెల్లెమ్మా, మీరు అడిగినవి చాలా ఉన్నాయి కాబట్టి ముందు వాటిని ఒకచోట చేరుస్తాను. హనుమకొండలో పాత ఇల్లు కొని సంక్రాంతి తర్వాత దిగారు. పెరట్లో పెద్ద మామిడిచెట్టు, దాని కిందే మల్లె పొద ఉన్నాయి. మామిడి పూత నల్లబడుతోంది, కింద బండలన్నీ జిగటగా ఉన్నాయి. మల్లె ఒక్క మొగ్గ కూడా వేయలేదు. వసంతం వచ్చింది కదా అని జామ, సపోటా, ఇంకో మామిడి తెచ్చి నాటాలని ఉంది. మేడ మీద గ్రో బ్యాగుల్లో టమాటా పెట్టాలని ఉంది. బోరు నీళ్లు మొక్కలకు పడతాయా అన్న టెన్షన్ ఒకటి. ఏడాది కారం, చింతపండు ఎప్పుడు తీసుకోవాలన్నది చివరి ప్రశ్న.

నేను కాజీపేట వైపు చాలా ఏళ్లుగా నర్సరీ నడుపుతున్నాను. మొక్కలు అమ్ముకునేవాడు ఇలా చెప్పడం వింతగా అనిపించొచ్చు గానీ, ఇప్పుడు పండ్ల మొక్క ఒక్కటి కూడా కొనకండి. మా దగ్గరైనా సరే.

వీడియోల్లో వసంతం అంటే నాటే కాలం అని చూపిస్తారు. అది మంచు కురిసే దేశాల లెక్క. మనకు శివరాత్రితో చలి శివశివా అంటూ పోయాక మిగిలేది నాలుగైదు వారాలే. ములుగు రోడ్డు వైపు మోదుగులు ఎర్రగా పూసే రోజులకే మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. మార్చి సగానికి 37, 38 డిగ్రీలు, ఏప్రిల్‌లో 40 పైమాటే. కొత్త మొక్కకు వేరు పట్టడానికే నెల, నెలన్నర కావాలి. అది వేరు పట్టేలోపే ఎండ ముదిరిపోతుంది.

ఇంకో సంగతి కొనేవాళ్లకు తెలియదు. నర్సరీల్లో కనిపించే మొక్కల్లో చాలావరకు గోదావరి వైపు కడియం నర్సరీల నుంచి లారీలో వచ్చి గ్రీన్ నెట్ కింద నీడలో పెరిగినవే. వేళ్ల చుట్టూ చాలాసార్లు కొబ్బరి పొట్టు ఉంటుంది. అది తడిగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, ఒక్కసారి లోపలి దాకా ఎండిందంటే మళ్లీ తొందరగా నీళ్లు పీల్చదు. మీరు బక్కెట్ నీళ్లు పోస్తారు, పాదు నిండుతుంది, మట్టి తడుస్తుంది. మధ్యలో వేళ్ల ముద్ద మాత్రం పొడిగానే ఉండిపోతుంది. రోజూ నీళ్లు పోసినా ఎండిపోయిందని మే నెలలో నా దగ్గరికి వచ్చే మొక్కను పీకి చూస్తే, నూటికి తొంభై సార్లు ఇదే కథ.

మన దగ్గర చెట్టు నాటడానికి కాలం మిరుగు, అంటే మృగశిర కార్తె. జూన్ మొదటి వారం దాటి రెండు మంచి వానలు పడ్డాక నాటండి. ఇప్పుడు చేయాల్సింది చోటు చూసుకోవడం. పొద్దంతా ఎండ ఎక్కడ పడుతుంది, గోడ నీడ ఎటు తిరుగుతుంది అని గమనించండి. మే నెలలో మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు తీయించి ఎండకు వదిలేయండి. హనుమకొండ చుట్టుపక్కల ఎక్కువగా ఎర్ర చల్కా నేల, నీళ్లు నిలవవు. ఎండాకాలం ఊళ్లలో చెరువు పూడిక తీస్తే ఒక ట్రాక్టర్ తెప్పించుకోండి. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ఆ మట్టి విలువ పట్నం వాళ్లకు కూడా తెలిసొచ్చింది. మూడు వంతుల మీ మట్టికి ఒక వంతు చెరువు మట్టి, బాగా మాగిన పెంట ఎరువు, నాలుగు గుప్పిళ్ల వేపపిండి కలిపితే చాలు. మురుగు కలిసే ఊరిమధ్య చెరువుల మట్టి మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

ఇక మామిడి. మీ బండల మీద జిగురు చెట్టు కార్చింది కాదు, తేనెమంచు పురుగులది. పూత కాడల మీద గోధుమరంగులో, బియ్యపు గింజ కంటే చిన్నగా ఉంటాయి. కొమ్మను ఒకసారి ఊపితే టపటపమని ఎగురుతాయి, అదే గుర్తు. అవి రసం పీల్చి తీపి జిగురు వదులుతాయి, ఆ జిగురు మీద నల్లటి మసి పెరుగుతుంది. మసి మంగు అంటారు దాన్ని. అంటే మీరు చూస్తున్న నలుపు రోగం కాదు, పురుగు వదిలిన తీపి మీద పెరిగిన బూజు. నల్లదనం చూసి ఏ మందో తెచ్చి కొడితే పురుగు అలాగే ఉండిపోతుంది.

పూలు పూర్తిగా విచ్చుకుని ఉంటే ఇప్పుడు ఏ మందూ కొట్టకండి. మామిడి పూతను కాయగా మార్చేది ఎక్కువగా ఈగలు, చిన్న తేనెటీగలు. వాటిని చంపుకుని కాయ కోసం ఎదురుచూడటం దండగ. పిందె బఠాణీ గింజంత అయ్యాక లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట పూత కాడలు, ఆకుల వెనక, మొదలు పగుళ్లు తడిసేలా కొట్టండి. వారం పది రోజులకు ఇంకోసారి. పగుళ్లను వదిలేయొద్దు, పూత లేని కాలంలో ఆ పురుగులు తలదాచుకునేది అక్కడే. కాడల మీద తెల్లటి పిండి చల్లినట్టు కనిపిస్తే అది వేరే, బూడిద తెగులు. దానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఎండలో గంధకం కొడితే ఆకు మాడుతుంది కాబట్టి అది కూడా పొద్దుగూకే వేళే.

కింది కొమ్మల ఆకులకు పట్టిన మసికి మందు వంటింట్లోనే ఉంది. పలుచటి గంజి కొట్టండి. ఎండకు పొరలా ఎండి, మసితో సహా రాలిపోతుంది. మబ్బు పట్టిన రోజున మాత్రం వద్దు.

పిందె రాలుతోందని బెంగపడకండి. వంద పూలలో ఒక్కటి కూడా కాయ దాకా రాదు, చెట్టు మోయగలిగినంతే ఉంచుకుంటుంది. మనం ఆపగలిగింది నీళ్ల తేడా వల్ల రాలేదాన్ని. పూత మీద ఉన్నప్పుడు నీళ్లు పెడితే కొత్త చిగురు తోసుకొచ్చి పూత పోతుంది. పిందె బఠాణీ సైజు దాటాక మొదలుపెట్టి, వారం పది రోజులకోసారి నిండుగా పెట్టండి. చెట్టు మొదలు దగ్గర కాదు, కొమ్మల చివర్లు ఎక్కడి దాకా నీడ పరుస్తాయో అక్కడ గుండ్రంగా కాలువ తీసి పెట్టండి. నీళ్లు తాగే వేళ్లు అక్కడే ఉంటాయి. నెల రోజులు ఎండబెట్టి ఒక్కసారిగా ముంచితే ఉన్న కాయలు కూడా రాలతాయి.

మార్చి, ఏప్రిల్‌లో గాలిదుమారం, వడగళ్లు మన వైపు మామూలే. రాలిన కాయను పడేయకండి. టెంక కట్టని లేత కాయ తొక్కుకు నిలవదు గానీ పప్పుకు, పులిహోరకు బంగారం. ఎక్కువైతే చెక్కు తీసి ముక్కలు కోసి, ఉప్పు రాసి ఒరుగులు ఎండబెట్టండి. వానాకాలంలో పప్పులో వేస్తే అప్పుడు తెలుస్తుంది రుచి.

మల్లె పూయకపోవడానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. మామిడి నీడలో ఉంది. దానికి ఎండ కావాలి, కొత్త కొమ్మ కొసనే మొగ్గ వేస్తుంది. మామూలుగా జనవరిలో నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తారు. మీరు దిగి సర్దుకునేసరికే ఆ సమయం దాటింది. ఇప్పుడు కొసలు మాత్రం జానెడు కత్తిరించి, మొదలు గుల్లచేసి పెంట వేసి నీళ్లు పెట్టండి. ఎండ తగిలే వైపు కొమ్మలకు ఏప్రిల్‌లో కొన్ని పూలు వస్తాయి. పొదను తీసి ఎండలో నాటే పని మాత్రం వానల్లోనే.

మేడ మీద టమాటా గురించి గట్టిగానే చెబుతున్నాను, వద్దు. మొక్క పెరుగుతుంది, పూస్తుంది కూడా. కానీ పగలు 35 దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. మీరేమో మందు లోపమనో మట్టి లోపమనో తలపట్టుకుంటారు. టమాటా నారు ఆగస్టు, సెప్టెంబర్‌లో పోసుకుంటే చలికాలమంతా తింటారు. కొత్తిమీర కూడా ఇప్పుడు వేస్తే నాలుగు ఆకులకే పూతకొస్తుంది. అంతగా కావాలంటే పొద్దుటి ఎండ మాత్రమే పడే చోట తొట్టి పెట్టి, వంటకు సరిపడా గిల్లుకోండి.

మరి ఏం వేయాలంటే, ఎండను ఇష్టపడేవే. బెండ, గోకరకాయ (గోరుచిక్కుడు), పుంటికూర (గోంగూర), తోటకూర. గంగవాయిల కూర అయితే వేయక్కర్లేదు, పాత మట్టి తడిపితే దానంతటదే వస్తుంది. బెండ గింజలు రాత్రి నానబెట్టి పొద్దున నాటండి, నెలన్నరకు కోతకొస్తుంది. తెల్లదోమ వల్ల ఆకు ఈనెలు పసుపెక్కే వైరస్ బెండకు పెద్ద బెడద. ఒక మొక్కకు కనిపించగానే జాలి చూపకుండా పీకేయండి. తోటకూర గింజ మరీ సన్నం, గుప్పెడు ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట పడదు.

తీగల్లో సోర, బీర, దోస, కాకర వేయొచ్చు. ఎండ ముదిరేకొద్దీ ఈ తీగలకు మగపూలే ఎక్కువ వస్తాయి. ఆడపువ్వు వెనక చిన్న పిందె ఉంటుంది, అది చూసి గుర్తుపట్టండి. పిందె పసుపెక్కి రాలిపోతుంటే ఎరువు తక్కువై కాదు, మేడ మీదికి పురుగులు రాక. మీరే పుప్పొడి అంటించాలి. దీనికి సమయం తెలియక చాలామంది విసిగిపోతారు. దోస, కాకర తెల్లారగట్ల విచ్చుకుంటాయి, ఎనిమిదింటిలోపు పని అయిపోవాలి. సోర, బీర పొద్దుగూకాక విచ్చుకుంటాయి. సాయంత్రం టీ తాగి మేడెక్కండి. అప్పుడే విచ్చుకున్న మగపువ్వు కోసి, రేకులు చుట్టూ తీసేసి, మధ్యలోని పసుపు పొడిని ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు ఆడపూలకు సరిపోతుంది. అతికితే మూడో రోజుకు పిందె కిందికి వంగి మెరుస్తుంది. లేత తీగ ఆకులకు చిల్లులు పడుతుంటే ఎర్రటి పెంకు పురుగు పని. పొద్దుగాల మంచు తడి ఉండగా పొయ్యి బూడిద చల్లండి.

గ్రో బ్యాగులను సిమెంట్ మీద నేరుగా పెట్టొద్దు, కింద రెండేసి ఇటుకలు పెట్టండి. నల్ల బ్యాగు పడమటి ఎండకు కాలిపోతుంది. పాత గోనెసంచి చుట్టినా చాలు. ఏప్రిల్ నుంచి 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టండి, అంతకంటే దట్టమైనది కడితే తీగలు సన్నగా సాగి కాయవు.

వేప ఆకు ఇప్పుడు బాగా రాలుతోంది కదా, మీ గల్లీలో పొద్దున్నే ఊడ్చి కాలబెట్టడం చూసే ఉంటారు. ఆ ఆకు మీరు తెచ్చుకోండి, ఎవరూ వద్దనరు. పాదుల్లో మూడు అంగుళాల మందం పరిస్తే రోజూ పోసే నీళ్లు రెండు రోజులకోసారికి తగ్గుతాయి. మొదలుకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచండి, ఎర్రనేలలో చెదలు అక్కడి నుంచే ఎక్కుతాయి. మిగిలిన ఆకును వంటింటి చెత్తతో పొరలు పొరలుగా వేసి, పేడ నీళ్లు చల్లి, తడి ఆరకుండా చూస్తే మిరుగుకు ఎరువు చేతికొస్తుంది. కుప్పను ఇంటి గోడకు, బాత్‌రూమ్‌కు దూరంగా పెట్టండి. ఎండాకాలం చల్లదనానికి తేళ్లు, పాములు చేరతాయి, పిల్లలున్న ఇల్లు. చేయి పెట్టేముందు కర్రతో కదపండి.

బోరు నీళ్ల సంగతి. మట్టి మీద, కుండీ అంచు మీద తెల్లగా ఉప్పు పేరుకుంటోందేమో చూడండి. పేరుకుంటే రోజూ కొంచెం కొంచెం పోయడం తగ్గించి, పోసినప్పుడు అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయండి. లేకపోతే ఉప్పు వేళ్ల దగ్గరే నిలిచి ఆకు కొసలు మాడతాయి. ఆర్వో మెషిన్ పారబోసే నీళ్లు, కూలర్ అడుగున మిగిలిన నీళ్లు కుండీలకు వద్దు, వాటిలో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది. బండలు కడగడానికి వాడండి. బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి నిశ్చింతగా పోయొచ్చు. నీళ్లు పోసే వేళ పొద్దున ఏడింటిలోపు. సాయంత్రమైతే మేడ బండ చల్లారాక. మధ్యాహ్నం పైపులో నిలిచిన నీళ్లు చేయి పెడితే కాలుతుంటాయి, ముందు ఒక బక్కెట్‌లో వదిలేసి తర్వాతే మొక్కకు పట్టండి. మొక్క మధ్యాహ్నం వాడి, సాయంత్రానికి లేస్తే అది దాహం కాదు, ఎండను తట్టుకునే తీరు. పొద్దున్నే వాడి ఉంటే మాత్రం వెంటనే నీళ్లు కావాలి.

సరుకుల విషయానికొస్తే ఇదే సరైన కాలం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు కొత్త మిర్చి ఫిబ్రవరి, మార్చిలో జోరుగా వస్తుంది. రోజువారీ కూరల్లో ఘాటుకు తేజ రకం, రంగుకు చపాటా రకం. లావుగా ఉండే ఈ చపాటాకే 2025లో వరంగల్ పేరుతో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. రెండూ కలిపి పట్టిస్తే పచ్చడి కంటికీ బాగుంటుంది, నోటికీ బాగుంటుంది. కొనేటప్పుడు కాయను చెవి దగ్గర ఊపండి, గింజ గలగలమనాలి. తొడిమ వంచితే విరగాలి, వంగితే లోపల తేమ ఉన్నట్టే. తెల్లమచ్చల తాలు కాయలు ఏరేయండి. ఇంటికి తెచ్చాక రెండు ఎండలు చాలు, ఎక్కువ పెడితే రంగు పోతుంది. గిర్ని నుంచి వచ్చిన వేడి కారాన్ని డబ్బాలో పోయకండి, గుడ్డ మీద పరిచి పూర్తిగా చల్లారాక పోయండి. లేకపోతే ఉండలు కడుతుంది.

కొత్త చింతపండు లేత గోధుమరంగులో ఉంటుంది, నల్లగా ఉన్నది పోయినేడాది సరుకు. గింజ, ఈనెలు తీసి, ఒక పూట ఎండబెట్టి, పొర పొరకూ కళ్లుప్పు వేస్తూ జాడీలో అదిమి పెట్టండి. అల్యూమినియం గిన్నెలో వద్దు, పులుపుకు గిన్నె తినేస్తుంది. ఉగాదికి వేపపువ్వు ఎలాగూ కోస్తారు, అప్పుడే కొంచెం ఎక్కువ తీసుకోండి. పొద్దున్నే చెట్టు కింద పాత చీర పరిచి కొమ్మ దులిపితే పువ్వు రాలుతుంది. కాడలు చెరిగి నీడలో ఆరబెడితే ఏడాదంతా చారుకు పనికొస్తుంది. రోడ్డు పక్క చెట్టుది వద్దు, అంతా దుమ్ము. ఉగాదికి ఇంటికి వేసే సున్నంలో మిగిలినదాన్ని లేత చెట్ల మొదళ్లకు రెండడుగుల ఎత్తు దాకా పూయండి, పడమటి ఎండకు బెరడు పగలకుండా ఉంటుంది.

పిల్లలకు సెలవులిచ్చాక అమ్మగారింటికి వెళ్తారంటున్నారు. నాలుగైదు రోజులైతే, మోయగలిగిన కుండీలన్నీ మామిడి కిందికి దించి ఒకదానికొకటి ఆనించి పెట్టండి. ముందురోజు కారేదాకా నీళ్లు పోసి పైన ఆకు కప్పండి. మధ్యలో ఎత్తుగా స్టూల్ వేసి బక్కెట్ నీళ్లు పెట్టి, పాత నూలు చీర పేలికల ఒక కొస నీళ్లలో, ఇంకో కొస ఒక్కో కుండీ మట్టిలో నాలుగంగుళాలు దించండి. సిల్కు, పాలిస్టర్ పీల్చవు, నూలే కావాలి. పేలికను ముందే తడిపి పెడితేనే నీళ్లు పాకుతాయి. పది రోజులు దాటితే ఇది చాలదు, పక్కింటి వాళ్లకు తాళం ఇచ్చి చెప్పి వెళ్లాల్సిందే. బక్కెట్ మీద పళ్లెం బోర్లించడం మర్చిపోకండి, లేకపోతే తిరిగొచ్చేసరికి దోమలు పెరిగి ఉంటాయి.